వరము దేవునిది, ఋణము మనది

ఏటేట పరీక్షలు ముగియు దినములలో మన యున్నత పాఠశాలల విద్యార్థులు గురువులయొద్ద సెలవు గైకొని తమ తమ త్రోవల బోవుచుందురు. ఆ సమయమున పెద్దలు వారి నడుగు ప్రశ్నలు సాధారణముగ రెండే. ఎన్ని మార్కులు రాగలవు? ముందు ఏ చదువులో చేరెదవు? ఇవి అనవసరమైన ప్రశ్నలని మేము చెప్పము. చదువు అన్నము పెట్టవలసినదే. కాని వానితోపాటు అడుగవలసిన మూడవ ప్రశ్న యొకటి కలదు. దేవుడు నీ కనుగ్రహించిన వర మెట్టిది? దానిని ఎవరికొఱకు అనుగ్రహించెను? క్రీస్తు పేరిట స్థాపింపబడిన పాఠశాలలోనే యీ ప్రశ్న వినబడనిచో మఱెచ్చట వినబడగలదు? తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల బాలబాలికల నుద్దేశించి యీ విషయమును గూర్చి మా యభిప్రాయమును విన్నవింప దలచితిమి.

మత్తయి సువార్త 25వ అధ్యాయమునందలి తలాంతుల యుపమానము మిషను పాఠశాలలలో చదివినవారికి, వారే మతమువారైనను, తెలిసినదే. యజమానుడు దేశాంతరము పోవుచు తన దాసులలో ఒకనికి ఐదు, ఒకనికి రెండు, ఒకనికి ఒకటి చొప్పున తలాంతుల నప్పగించెను. మొదటి యిరువురు వ్యాపారము చేసి వానిని రెట్టింపు చేసిరి. మూడవవాడు భూమి త్రవ్వి దాచిపెట్టెను. ఒక్క తలాంతు పొందినవాడు పాపము, మిక్కిలి తక్కువ పొందెనని మనము జాలిపడుదుము. లెక్క చూచినచో ఆ జాలికి తావు లేదు. తలాంతు నాణెము కాదు, తూనిక. ఆ కాలమున ఒక తలాంతు వెండి సుమారు 6,000 దేనారములకు సమానము. దేనారము కూలివాని యొకనాటి కూలి. ఏటికి 300 పనిదినముల చొప్పున గణించినచో ఒక్క తలాంతు ఇరువది సంవత్సరముల కూలి యగును. అందఱికంటె తక్కువ పొందినవాని చేతనున్న మూలధన మంతటిది. దేవుని యెదుట వట్టిచేతులవా డెవ్వడును లేడనుటయే దీని భావము. ఆంగ్లమున సహజప్రజ్ఞకు ‘టాలెంటు’ అను పేరు వచ్చినదియు ఈ యుపమానమువలననే.

ఆ మూడవవాడు దొంగిలింపలేదు. జూదమాడి పోగొట్టలేదు. అప్పగించినది అప్పగించినట్లే తెచ్చి యిచ్చెను. లోకదృష్టికి వాడు నిర్దోషి. అయినను యజమానుడు వానిని సోమరియని గద్దించెను. మన యూళ్లలో ‘ఎవరి జోలికిని పోడు, తన పని తాను చూచుకొనును’ అనుట ఒక గొప్ప మెప్పు. ఈ యుపమానము ఎదుట ఆ మెప్పు నిలువదు. కీడు చేయకుండుట వేఱు, మేలు చేయుట వేఱు. రెండవది లేని మొదటిది పాతిపెట్టిన తలాంతువంటిది.

వరమనగానే మన సంఘములలో పలువురు ప్రసంగించుట, పాడుట, అందఱియెదుట ప్రార్థించుట అను మూడింటినే తలంతురు. ఈ మూడును రానివాడు తనకే వరమును లేదని యనుకొని వెనుక బెంచీలో కూర్చుండును. పరిశుద్ధ గ్రంథ మట్లు చెప్పుటలేదు. నిర్గమకాండము 31వ అధ్యాయమున దేవుని ఆత్మతో నింపబడినవానిగా చెప్పబడిన బెసలేలు ప్రవక్తయు కాడు, యాజకుడును కాడు. బంగారము, వెండి, ఇత్తడి పనియు, రత్నములు సానబట్టుటయు, కొయ్య చెక్కుటయు నేర్చిన శిల్పి. అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయమున యొప్పే పట్టణపు దొర్కా మరణించినపుడు విధవరాండ్రు ఏడ్చుచు పేతురునకు చూపినవి ఆమె కుట్టిన బట్టలు. ఆమె ప్రసంగము నొక్కదానినైనను ఆ గ్రంథము చెప్పలేదు. సూదియు, ఉలియు, తాపీయు, నాగలియు దేవుని సన్నిధిని వరములే. ఈ సంగతిని మార్కుల పట్టిక చెప్పదు గనుక పాఠశాలయే చెప్పవలయును.

అయితే వరమున్నచో చాలునా? చాలదని మా నిశ్చితాభిప్రాయము. వరము విత్తనమువంటిది. దున్నని నేలపై చల్లినచో పిట్టల పాలగును. సేవచేయగోరువాడు తన వరమునకు సాన పెట్టవలయును. ప్రేమ పని నేర్చుకొనవలయును. మన ప్రాంతపు చరిత్రయే దీనికి సాక్ష్యము.

లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యరుగారు 1842వ సంవత్సరము జూలై 31వ తేదీన గుంటూరు చేరిరి. అప్పటికే వారికి నలువది తొమ్మిదేండ్లు నిండియుండెను. కొన్ని సంవత్సరములు పనిచేసి స్వదేశమునకు మరలిపోయి, ఏబది యేండ్లు దాటిన వయస్సున వైద్యశాస్త్రమున పట్టము పొంది, మరల ఆంధ్రదేశమునకు వచ్చిరి. ‘ప్రార్థింతును, చాలును’ అని వారు తలంపలేదు. నాలుగు పదులు నిండకముందే ‘ఇక నేమి నేర్తుము?’ అని నిట్టూర్చువారు ఈ వృద్ధవిద్యార్థిని తలంచుకొందురు గాక.

డాక్టరు అన్నా శారా కుగ్లరుగారు అమెరికాలో వైద్యవిద్య ముగించి 1883లో గుంటూరునకు వచ్చిరి. వైద్యసేవ నారంభించుటకు మిషనువారు అప్పటికి సంసిద్ధులు గాకుండుటచే మొదట ఆమెకు వేఱు పను లప్పగింపబడెను. ఆమె ఆ పనులు చేయుచునే, పరపురుషుల చేత నాడి చూపించుకొనుటకు సమ్మతింపని స్త్రీలకు మందిచ్చుచు వచ్చిరి. 1885లో వైద్య మిషనరీగా నియమింపబడిరి. 1898లో ఆసుపత్రి తెఱవబడెను. 1930లో కన్నుమూయు వఱకును గుంటూరే ఆమె కార్యస్థానము. మొదటి దినమున తగిన గౌరవము దొరకలేదని ఆమె ఓడ యెక్కి మరలిపోయియుండినచో నష్టపడువా రెవరు? పురిటి మంచమునం దున్న మన తల్లులే గదా. తన వరమును గుర్తించువారు వెంటనే లేకున్నను దానిని చేతియందు సిద్ధముగా నుంచుకొనవలెనని ఆమె జీవితము మనకు నేర్పుచున్నది.

ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు యౌవనమున భూములు కొలుచు సర్వే పని నేర్చినవారు. 1876–78 సంవత్సరముల ఘోరమైన కఱవులో ఆ పాత విద్య వారి కక్కఱకు వచ్చెను. మన కృష్ణా కాలువలతో కలియు బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ల త్రవ్వకమును దొరతనమువారియొద్ద కంట్రాక్టుకు తీసికొని, ఆకలితో వచ్చిన వేలమందికి పని చూపి కూలి యిచ్చిరి. ఇతరులు దరిజేరనీయని మాదిగలు అచ్చట పలుగు పట్టి తమ యన్నమును తాము సంపాదించుకొనిరి. దానమిచ్చుట సులభము. పని కల్పించి మనిషి తల యెత్తునట్లు చేయుటకు ప్రేమతోబాటు విద్యయు కావలయును.

క్లౌ దొరగారి చరిత్రలో మఱియొక విషయము మేము ప్రత్యేకముగ పేర్కొన గోరుదుము. కఱవు పనులు జరుగు కాలమున బాప్తిస్మము కోరివచ్చినవారిని ఏడాదికి పైగా వారు నిలిపియుంచిరి. కూలికొఱకు, గింజలకొఱకు ఎవ్వరును విశ్వాసములోనికి రాగూడదని వారి యుద్దేశము. తరువాత 1878 జూలై 3వ తేదీన వెలంపల్లెవద్ద గుండ్లకమ్మలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను మనవారు తఱచుగా చెప్పుకొందురు. దానికి ముందటి నిరీక్షణమును మఱతురు. సేవ ఎర కారాదు. ఆకలిగొన్నవాని మతము నడిగి అన్నము పెట్టువాడు క్రీస్తు శిష్యుడు కాడు, వర్తకుడు. మన వరములను మన సంఘమువారికొఱకే దాచుకొనుటయు పాతిపెట్టుటయే. మంచి సమరయుని కథలో గాయపడినవాని కులగోత్రములు విచారింపబడలేదు గదా.

ప్రేమకు విద్య తోడు కానిచో నేమగునో తెలుపు సంగతి యొకటి మన బాపట్లలోనే జరిగెను. 1977 నవంబరు 19వ తేదీని సముద్రతీరమును ముంచివేసిన తుపాను దివిసీమతోబాటు రేపల్లె, బాపట్ల ప్రాంతములను అతలాకుతలము చేసెను. చనిపోయినవారు సుమారు పదివేలమంది. ఆ దినమున బాపట్ల పట్టణమున ఇండ్లు విడిచి ఒక క్రైస్తవ దేవాలయమున తలదాచుకొన్నవారిలో సుమారు నూఱుమంది ఆ కట్టడము కూలుటచే మరణించిరని ఆ నాటి వార్తలు తెలుపుచున్నవి. ఆ ప్రచండమారుతము ముందు ఏ గోడ నిలుచునో, ఏది నిలువదో యెవరు చెప్పగలరు? ఎవరిని నిందించుటయు మా యభిప్రాయము కాదు. కాని ఈ దుఃఖమునుండి నేర్వవలసినది నేర్వకుండుట చనిపోయినవారికి మనము చేయు అగౌరవము. ఆపదలో ఉన్నవారికి తలుపు తెఱచుట ప్రేమ. ఆ తలుపు వెనుక గోడ కూలకుండునట్లు కట్టుట విద్య. ప్రేమగల సంఘమునకు నిజాయితీగల తాపీమేస్త్రియు, ఇనుము సిమెంటు లెక్క తెలిసిన ఇంజనీరును, తుపాను సూచనలను ముందుగా గ్రహించి యింటింటికి తెలుపు పడుచువాడును దేవుని వరప్రసాదములే. ఆ విపత్తు తరువాత తీరమున గట్టి తుపాను ఆశ్రయములు నిర్మింపబడెను. 2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుపాను బాపట్ల సమీపముననే తీరము దాటెను. 2024 సెప్టెంబరులో ప్రకాశం ఆనకట్టనుండి 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద దిగువకు రాగా కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె మండలముల లంక గ్రామములవారు నానా యిక్కట్లు పడిరి. గాలియు, నీరును మరల వచ్చును. అప్పుడు మనలో పని తెలిసినవారెందఱు?

అక్షరము కూడ ఒక యాయుధమే. నేటికిని మన దేవాలయములలో పాడబడుచున్న కీర్తనలలో పెక్కింటిని రచించిన పురుషోత్తమ చౌధరిగారు (1803–1890) తమ కవితావరమును తెలుగు సంఘములకు ధారపోసిరి. 1895లో వినుకొండలో జన్మించిన గుఱ్ఱము జాషువగారు గుంటూరు లూథరన్ ఉపాధ్యాయ శిక్షణాలయమున బోధించుచు జీవనము సాగించినవారు. పద్యము పండితుల సొత్తు, పేదపల్లెకు అది యందదని తలచు కాలమున వారు ఆ విద్యను పట్టుదలతో సాధించి ఉభయభాషాప్రవీణులైరి. 1941లో వెలువడిన వారి ‘గబ్బిలము’ అంటరానివాని వేదనను సాహిత్యలోకము నడిబొడ్డున నిలిపెను. వారి ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ బహుమాన మొసగబడెను. దుఃఖము పలువురకు కలదు. ఆ దుఃఖమును లోకము వినునట్లు చెప్పగల విద్య వారు సంపాదించిరి. సేవ యనగా అదియును సేవయే.

సేవచేయువారు జాగ్రత్తపడవలసిన విషయ మింకొకటి కలదు. మన వరమును చూచుకొని మురియుచు ఎదుటివాని వరమును కానకపోవుట. బాపట్లకు సమీపముననున్న స్టువర్టుపురము కథను తీసికొందము. ఎఱుకలవారు పూర్వము తీరమునుండి ఉప్పును, లోనాడునుండి ధాన్యమును పశువులపై మోసి వర్తకము చేసినవారు. బుట్టలల్లుటలో నేర్పరులు. ఇనుపదారులును, ఉప్పు చట్టములును వచ్చి వారి బ్రదుకుతెరువును హరించినవి. పిమ్మట ఆంగ్ల ప్రభుత్వపు చట్టము వారిని పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసెను. 1910 తరువాతి సంవత్సరములలో రక్షణసైన్యమువారి యాజమాన్యమున స్టువర్టుపురము స్థాపింపబడెను. భూమియు, బడియు, వైద్యమును అచ్చట లభించినవి. అది మేలే. కాని హాజరుపట్టీయు, సెలవు లేనిదే ఊరు దాటరాదను కట్టుబాటును అచ్చటనే యుండెను. ఆ చట్టము 1952లో రద్దయినను ఆ యూరి పేరునకు అంటిన మచ్చ చిరకాలము వదలలేదు. సేవ పొందువానిని ఖాళీ కుండగా నెంచి మనకు తోచినది పోయుట సేవ కాదు. అతనియందును దేవు డుంచిన తలాంతు కలదు. దానిని వెలికి తీయుటయే మేలైన సేవ. 1 కొరింథీయులకు 12వ అధ్యాయమున పౌలు దేహావయవముల దృష్టాంతముతో చెప్పిన సారాంశ మిదియే. కన్ను చేతికి యజమాని కాదు.

ఇక కొన్ని యాక్షేపణలకు సమాధానము చెప్పవలసియున్నది. ‘ముందు స్థిరపడనీయుడు, తరువాత సేవ చేసెదము’ అని కొందఱందురు. స్థిరపడుట యను తీరము ఎంత దూరము పోయినను ఇంకను దూరముగనే కనబడును. ఇల్లు, వాహనము, పిల్లల చదువులు, వారి పెండ్లిండ్లు ముగియునప్పటికి తలాంతుపై మట్టి గట్టిపడియుండును. పదునాఱేండ్ల ప్రాయమున వారమున కొక గంట ఇవ్వనివాడు అఱువదియవ యేట దినమంతయు ఇచ్చునని నమ్ముట కష్టము. ‘సేవ పాదిరిగారి పని’ యని మఱికొంద ఱందురు. పాదిరిగారికి రెండే చేతులు. పూర్వము పల్లెలలో పంతులే బడి చెప్పి, ఉత్తరము వ్రాసి, రోగికి మందు తెచ్చి, ఆదివారము వాక్యము చెప్పెడివాడు. ఆ భారము నేడు పదిమంది పంచుకొనవలయును. ‘హైదరాబాదునకో అమెరికాకో పోవుట తప్పా?’ అని యడుగువారును కలరు. తప్పని మేము చెప్పము. హయ్యరుగారును, కుగ్లరమ్మగారును ఇల్లు విడిచి వచ్చినవారే. కాని వారు తమ వరమును వెంట తీసికొని ఇచ్చుటకు వచ్చిరి. దూరము పోయినవాని ఋణము దూరముచే తీఱదు. ఎక్కడ నున్నను అక్కడి పొరుగువానికిని, పెంచిన పల్లెకును వాడు బాకీపడియే యుండును.

మన మూడు పట్టణములలో పనికి కొదువ లేదు. తెనాలి నాటకములకును, సాహిత్యమునకును పేరుపొందినది. మంచి కంఠము, నటన గలవారు త్రాగుడువలన కాలిపోవుచున్న కుటుంబముల కథను చిన్న నాటికగా వ్రాసి పేటపేటను ఆడవచ్చును. బాపట్లలో 1945నుండి వ్యవసాయ కళాశాల యున్నది. రైతుబిడ్డలైన విద్యార్థులు అచ్చటివారి నడిగి తెలిసికొన్న మాటను తమ పొలముగట్టునకు చేర్చవచ్చును. రేపల్లె దిక్కున నిజాంపట్నపు రేవునుండి వేటకు పోవు కుటుంబముల పిల్లలకును, లంక గ్రామముల పిల్లలకును సాయంకాలము లెక్కలు చెప్పువారు కావలయును. చక్కని దస్తూరి గలవాడు అవ్వకు పింఛను దరఖాస్తు వ్రాసి పెట్టవచ్చును. సెల్ ఫోను మర్మము లెఱిగినవాడు బ్యాంకువారమని చెప్పి పెద్దలను మోసగించు పిలుపులనుండి తన వీధిని కాపాడవచ్చును. ఈత నేర్చినవాడు కాలువగట్టు పిల్లలకు ఈత నేర్పినచో ఒక ప్రాణమైనను దక్కవచ్చును. రోగియొద్ద ఓపికగా కూర్చుండి వినగలవానికి అదియే వరము. రోమీయులకు 12వ అధ్యాయమున పౌలు కరుణించుటను కూడ వరముల పట్టికలో చేర్చెను గదా.

ఈ సందర్భమున పాఠశాలలకు మా మనవి యొకటి. చదువు ముగించి పోవు ప్రతి విద్యార్థియు తన వర మేదియో, దానిని రాబోవు సంవత్సరములో ఎవరికొఱకు వినియోగింపనున్నాడో ఒక కాగితముపై రెండు పంక్తులు వ్రాసి గురువుగారి చేతి కిచ్చుట మంచిదని మా తలంపు. మఱుసటి సంవత్సరము వాడు కనబడినపుడు ఉద్యోగము మాటతోబాటు ఆ కాగితము మాటయు అడుగవలయును. హిందువులైనను, మహమ్మదీయులైనను మన బడిలో చదివిన బిడ్డ లందఱికిని ఇది వర్తించును. వరమిచ్చిన దేవుడు వీధి చూచి యీయలేదు.

ప్రియ విద్యార్థులారా, మీలో ఐదు తలాంతులవారు కొలదిమందియే యుండవచ్చును. రెండు గలవారు కొందఱు. ఒక్కటి గలవారే పెక్కుమంది. లోకము నడచునది ఈ చివరివారివలననే. మీకు కలిగిన యా యొక్కటి చిన్నదని సిగ్గుపడకుడు. భయపడి పాతిపెట్టకుడు. సాన పెట్టుడు, వినియోగింపుడు, పదిమందికి పంచుడు. యజమానుడు లెక్క యడుగు దినమున ‘ఇదిగో, నీది నీకు’ అని చెప్పుటకు గాక, ‘ఇదిగో, నీది, దానితో నేను సంపాదించినది’ అని చెప్పు భాగ్యము మీ యందఱికిని కలుగుగాకయని ప్రార్థించుచున్నాము.